మిన్నెసోటాలో వీల్‌హౌస్: ఏది కొనాలి, ఎలా లాగాలి, ఐస్ మీద ఎలా దించాలి

డిసెంబరు వచ్చిందంటే నాకు వరుసగా ఫోన్లు వస్తాయి. "అన్నా, ఒక ఫిష్ హౌస్ అమ్మకానికి చూశాను, మన హైలాండర్ లాగుతుందా?" "ఐస్ పద్నాలుగు అంగుళాలు ఉందంటున్నారు, వెళ్లిపోవచ్చా?" "దించాక చక్రాలు గడ్డకట్టుకుపోయాయి, ఇప్పుడేం చేయాలి?" అడిగేవాళ్లు మారుతారు గానీ ప్రశ్నలు మాత్రం ఇవే. అందుకే ఒక్కచోట రాసి పెడుతున్నాను.

ఒక మాట ముందే చెప్పుకుందాం. తెలుగులో స్నోకీ ఐస్‌కీ కలిపి మంచు అనేస్తాం. ఇక్కడ ఆ తేడా ప్రాణాల మీదికి వచ్చేది. కాబట్టి పైనుంచి కురిసేదాన్ని మంచు అని, సరస్సు మీద గడ్డకట్టినదాన్ని ఐస్ అని రాస్తాను.

వీల్‌హౌస్ అంటే చక్రాల మీద లాక్కుపోయే చిన్న ఇల్లు. సరస్సు మీదికి వెళ్లాక చక్రాలు పైకి లేస్తాయి, ఫ్రేము ఐస్ మీద కూర్చుంటుంది. నేలలో మూతలున్న రంధ్రాలు ఉంటాయి. వాటిలోంచి ఐస్‌కి బొర్ర (రంధ్రం) పెట్టి, వెచ్చగా లోపలే కూర్చుని చేపలు పడతాం. మంచాలు, పొయ్యి, హీటరు అన్నీ అందులోనే.

కావలసినవి

- బండికి సరిపడే హిచ్ (ట్రైలర్‌ని తగిలించే అమరిక), దాని మీద బిగించే సరైన సైజు బాల్ (ఇనుప గుండు), ఏడు పిన్నుల వైరింగ్. ట్రైలర్‌కి ఎలక్ట్రిక్ బ్రేకులుంటే బండిలో బ్రేక్ కంట్రోలర్
- ఆగర్ (ఐస్‌కి బొర్ర పెట్టే మర), దానికి పొడిగింపు కడ్డీ
- స్పడ్ బార్. మన గడ్డపారకు తమ్ముడనుకోండి
- రెండు అంగుళాల మందం చెక్కలు, కనీసం ఎనిమిది
- పార, లాగుడు పట్టీ, ఇసుక బస్తా
- నిండు ప్రొపేన్ సిలిండర్లు రెండు, పూర్తిగా చార్జ్ చేసిన బ్యాటరీ
- కార్బన్ మోనాక్సైడ్ అలారం, పొగ అలారం, మంటలార్పే సిలిండర్
- ఒక్కొక్కరికి ఒక లైఫ్ జాకెట్, మెడలో వేసుకునే ఐస్ పిక్స్ (నీళ్లలో పడితే ఐస్‌లో గుచ్చి పైకి పాకడానికి మొనలున్న పిడులు), పొడవాటి తాడు

1. ముందు బండి, తర్వాతే ఇల్లు

ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. ఇంటిని చూసి మోజుపడి అడ్వాన్స్ ఇచ్చేస్తారు, ఆ తర్వాత బండి సంగతి ఆలోచిస్తారు. మన ఇళ్ల ముందు ఎక్కువగా కనిపించే బండ్లు ఎంత లాగుతాయో చూడండి. సియెన్నా హైబ్రిడ్ 1,500 పౌండ్లు, రావ్‌ఫోర్ హైబ్రిడ్ 1,750, టెస్లా మోడల్ వై 3,500, హైలాండర్ హైబ్రిడ్ 3,500, ఆల్ వీల్ డ్రైవ్ ఉన్న పైలట్ 5,000. ఇవన్నీ పై హద్దులు. మోడల్‌ని బట్టి, సంవత్సరాన్ని బట్టి మారుతాయి కాబట్టి మీ బండి పుస్తకంలో చూసుకోండి.

ఆ హద్దు దాకా వెళ్లడం నాకిష్టం ఉండదు. వీల్‌హౌస్ గోడ ఎత్తుగా, బల్లపరుపుగా ఉంటుంది. ఎదురుగాలిలో అది బరువుకు మించి వెనక్కి లాగుతుంది. హద్దులో ఎనభై శాతం దగ్గర ఆగిపోతే గుండె నిబ్బరంగా నడపొచ్చు. అంటే 5,000 పౌండ్లు లాగే బండికి, అన్నీ నింపాక 4,000 దాటని ఇల్లు.

'అన్నీ నింపాక' అన్నది గట్టిగా గుర్తుపెట్టుకోండి. అమ్మేవాళ్లు చెప్పేది ఖాళీ బరువు. ట్రైలర్ ఎడమవైపు ముందు భాగంలో ఒక స్టిక్కర్ ఉంటుంది. దాని మీద జీవీడబ్ల్యూఆర్ అని ఉన్నది నింపాక ఉండదగిన గరిష్ఠ బరువు. లెక్క దానితోనే వేయండి. సిలిండర్లు, బ్యాటరీలు, ఆగర్, నీళ్లు, పరుపులు, బియ్యం, కూలర్లు కలిస్తే ఐదారు వందల పౌండ్లు ఎక్కడికీ పోవు.

ఇంకో లెక్క కూడా ఉంది. ట్రైలర్ మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం బండి హిచ్ మీద పడాలి. ట్రైలర్ ముందుకు పొడుచుకొచ్చిన భాగాన్ని టంగ్ అంటారు కాబట్టి దీన్ని టంగ్ వెయిట్ అంటారు. 4,000 పౌండ్ల ఇంటికి అది 400 నుంచి 600. ఆ బరువు, మీ కుటుంబం, వెనక సామాను, అన్నీ కలిపి బండి తలుపు దగ్గర స్టిక్కర్ మీద రాసిన పేలోడ్ దాటకూడదు. లాగే శక్తి ఉండి కూడా పేలోడ్ చాలని బండ్లు చాలా ఉన్నాయి.

సరిచూసుకునే పద్ధతి: ఇల్లు నింపి, హైవే పక్క ట్రక్ స్టాప్‌లో ఉండే క్యాట్ స్కేల్ మీద తూకం వేయించండి. కొద్ది డాలర్ల పని. అంచనాల టెన్షన్ పోతుంది.

2. ఇంటిని ఎంచుకోవడం

ఇద్దరు పెద్దలు, ఇద్దరు పిల్లలు ఉంటే పన్నెండు పద్నాలుగు అడుగుల పొడవు సరిపోతుంది. పదహారు, పదిహేడు అడుగులంటే దర్జాగా ఉంటుంది గానీ దాదాపు పికప్ ట్రక్కు కావాలి. ఇరవై అడుగులు దాటి జంట ఇరుసులు ఉన్నవాటికి పెద్ద పికప్ తప్పదు, అంత బరువుకు ఐస్ కూడా ఎక్కువ మందం కావాలి. అంటే సీజన్‌లో మీకు దొరికే రోజులు తగ్గిపోతాయి. ఈ సంగతి కొన్నాక గానీ తెలియదు. నన్నడిగితే మొదటి ఇల్లు చిన్నదే తీసుకోండి.

ఫ్రేము ఇనుముదైతే చవక, అల్యూమినియందైతే తేలిక. ఇక్కడి రోడ్ల మీద చల్లే ఉప్పు ఇనుమును తినేస్తుంది. పాత ఇల్లు కొంటున్నారా? అయితే ఇవి చూడకుండా డబ్బులివ్వకండి.

నేల రంధ్రాల చుట్టూ, మూలల్లో, తలుపు గడప దగ్గర స్క్రూడ్రైవర్‌తో గట్టిగా నొక్కండి. మెత్తగా దిగితే చెక్క కుళ్లింది. ఇంటి కిందికి పడుకుని చూడండి: చక్రాలు మడిచే కీలు దగ్గర వెల్డింగ్‌లో పగుళ్లున్నాయా? ఇంటిని దించి ఎత్తే వించ్ తాడు పోగులు లేచిందా? మీ చేత్తోనే ఒకసారి పూర్తిగా దించి, ఎత్తి చూడండి. హీటరు అరగంట నడపమనండి. టైరు మీద నాలుగంకెల సంఖ్య ఉంటుంది. 2319 అంటే 2019లో 23వ వారంలో తయారైందని. అరుగుదల బాగానే ఉన్నా, ఆరేడేళ్లు దాటిన టైరును నేను మార్చేస్తాను.

కొనే ముందు ఒక్క వారాంతం అద్దెకు తీసుకుని ఉండి చూడండి. మిల్ లాక్స్, లేక్ ఆఫ్ ది వుడ్స్ మీద రిసార్టులవాళ్లు సరస్సు మీదే నిలిపి ఉంచిన ఇళ్లను రాత్రికింత అని ఇస్తారు. చాలాచోట్ల తీసుకెళ్లి దింపడం, మళ్లీ తీసుకురావడం వాళ్లే చేస్తారు. సీజన్‌కి రెండుసార్లు మాత్రమే వెళ్లేవాళ్లకు ఎప్పటికీ అదే మేలు. కుటుంబంతో పగటిపూట వెళ్లి రావడమే అయితే, స్లెడ్డు మీద లాక్కుపోయే గుడారం చాలు. దానికి నాలుగంగుళాల మంచి ఐస్ ఉంటే సరిపోతుంది.

3. కాగితాలు, గుర్తులు

మిన్నెసోటాలో 3,000 పౌండ్లు, అంతకు మించిన ట్రైలర్‌కి బ్రేకులు ఉండి తీరాలి. సేఫ్టీ గొలుసులు ఎంత చిన్న ట్రైలర్‌కైనా తప్పవు. ఇల్లు సరస్సు మీద వదిలి రాత్రికి ఇంటికి వచ్చేసేటట్టయితే షెల్టర్ లైసెన్సు కావాలి. బయటి గోడ మీద మీ పేరు, చిరునామా గానీ, డ్రైవింగ్ లైసెన్సు నంబరు గానీ, డీఎన్‌ఆర్ (రాష్ట్ర సహజ వనరుల శాఖ) నంబరు గానీ కనీసం రెండంగుళాల ఎత్తు అక్షరాల్లో ఉండాలి. రాత్రి ఉంచే ఇంటికి అన్ని వైపులా మెరిసే రిఫ్లెక్టర్ పట్టీలు అంటించండి. పక్క ఇంటికి పది అడుగుల దూరం ఉండాలి. చేపల లైసెన్సు వేరే, అది మర్చిపోకండి. ఐస్ మీద ఒక్కొక్కరికి రెండు గాలాల దాకా అనుమతి. విస్కాన్సిన్, డకోటాల్లో నిబంధనలు వేరు, అక్కడికి వెళ్తే అక్కడివి చదువుకోండి.

4. తగిలించడం, ఖాళీ పార్కింగ్ లాట్‌లో సాధన

మొదటిసారి తగిలించేది సరస్సుకి బయల్దేరే రోజు తెల్లవారుజామున కాకూడదు. నవంబరులోనే ఒక ఆదివారం పెట్టుకోండి.

కప్లర్ (టంగ్ చివర, బాల్ మీద కూర్చునే భాగం) మీద సైజు రాసి ఉంటుంది: రెండంగుళాలు లేదా రెండుంపావు కన్నా కాస్త ఎక్కువ, అంటే 2 5/16. బాల్ మీద కూడా రాసి ఉంటుంది. రెండూ ఒకటే కావాలి. పెద్ద కప్లర్ చిన్న బాల్ మీద కూర్చుంటుంది, గొళ్లెం కూడా పడుతుంది, చూడ్డానికి అంతా బాగానే ఉంటుంది. మొదటి గుంతలో ఎగిరి ఊడిపోతుంది. గొళ్లెం వేశాక టంగ్ జాక్‌తో (టంగ్‌ని ఎత్తి దించే జాకీ) పైకి ఎత్తి చూడండి. బండి వెనక భాగం కూడా దాంతోపాటు లేస్తే సరిగ్గా కూర్చున్నట్టు. లేచాక జాక్‌ని మళ్లీ పూర్తిగా పైకి మడిచేయండి.

గొలుసులు ఒకదాని మీదుగా ఒకటి అడ్డంగా వేయండి. కప్లర్ ఊడినా టంగ్ వాటి మీద పడుతుంది గానీ నేలకు గుచ్చుకోదు. లైట్లు, ఇండికేటర్లు ఇంకొకరిని వెనక నిలబెట్టి చూపించుకోండి. నెమ్మదిగా కదిలి, కంట్రోలర్ మీద ట్రైలర్ బ్రేకు ఒక్కటే నొక్కండి. వెనక పట్టి ఆపినట్టు తెలియాలి.

రివర్స్‌కి ఒక చిట్కా: స్టీరింగ్‌ని కింది అంచున పట్టుకోండి. ట్రైలర్ వెనక భాగం ఎటు పోవాలో చేతిని అటే జరపండి. కొంచెం కొంచెంగా. మడత పడుతోందనిపిస్తే ముందుకు లాగి మళ్లీ మొదలుపెట్టండి, అందులో నామోషీ ఏమీ లేదు.

5. రోడ్డు మీద

బరువంతా ట్రైలర్ వెనక్కి చేరితే టంగ్ తేలికై ట్రైలర్ పాములా ఊగుతుంది. బరువైన సామాను ఇరుసుకు కొంచెం ముందుగా, నేల మీదే సర్దండి. ఊగడం మొదలైతే గట్టిగా బ్రేకు తొక్కకండి, స్టీరింగ్ తిప్పి సరిదిద్దాలని చూడకండి. యాక్సిలరేటర్ మీదనుంచి కాలు తీసేయండి, ట్రైలర్ బ్రేకు ఒక్కటే మెల్లగా చేత్తో నొక్కండి.

టైర్లలో గాలి బయల్దేరే ముందు, బయటి చలిలోనే చూడండి. ఉష్ణోగ్రత పది డిగ్రీల ఫారన్‌హీట్ తగ్గినప్పుడల్లా దాదాపు ఒక పీఎస్‌ఐ పడిపోతుంది. గ్యారేజీ వెచ్చదనంలో చూసిన అంకె బయట పనికిరాదు. యాభై మైళ్లకు ఒకసారి ఆగి చక్రం బోల్టులు బిగించండి, హబ్బుల (చక్రాల నడిమి భాగాల) దగ్గర చెయ్యి పెట్టి చూడండి. గోరువెచ్చగా ఉంటే సరే. చెయ్యి ఆనించలేనంత వేడిగా ఉంటే బేరింగ్ పోతున్నట్టు, లేదా బ్రేకు పట్టేసినట్టు.

6. ఐస్ మీదికి ఎక్కే ముందు

ఈ భాగం రెండుసార్లు చదవండి.

మిన్నెసోటా డీఎన్‌ఆర్ సూచన ప్రకారం నడవడానికి 4 అంగుళాలు, చిన్న కారుకు 9, 10 అంగుళాలు, పెద్ద పికప్‌తో వీల్‌హౌస్ లాగడానికి 20 అంగుళాలకు పైన ఐస్ ఉండాలి. ఇది కొత్తగా కట్టిన, స్వచ్ఛమైన, గట్టి ఐస్ లెక్క. తెల్లగా పాలరంగులో ఉన్న ఐస్ అయితే దానికి రెట్టింపు మందం కావాలి. "పద్నాలుగు అంగుళాలు ఉంది, వెళ్లొచ్చా" అన్నవాళ్లకు నా జవాబు: ఇల్లు లేకుండా, గుడారంతో వెళ్లండి.

డీఎన్‌ఆర్ ఐస్ మందం కొలిచి చెప్పదు. కొలవాల్సింది మనమే. వెళ్లే దారి పొడవునా ప్రతి 150 అడుగులకు ఒక బొర్ర పెట్టి చూడమని వాళ్ల సలహా. ఇల్లు ఒడ్డునే వదిలి, నడిచి వెళ్లి కొలిచి రండి. ఒడ్డు దగ్గర, వాగులు కలిసేచోట, రెల్లు ఉన్నచోట, వంతెనల కింద ఐస్ పలచన. డాకుల (పడవలు కట్టే వేదికల) దగ్గర నీళ్లు గడ్డకట్టకుండా గాలి బుడగలు పంపే యంత్రాలు పెడతారు. అటు అసలు పోకండి. పైన మంచు దట్టంగా పేరుకుంటే అది దుప్పటిలా పనిచేసి కింద ఐస్ మందం పెరగనివ్వదు.

రిసార్టుల దారి డబ్బు కట్టి వాడుకోవడం నా దృష్టిలో తెలివైన ఖర్చు. వాళ్లు రోజూ కొలుస్తారు, మంచు తోస్తారు, మిల్ లాక్స్ లాంటి పెద్ద సరస్సుల మీద పగుళ్లు వస్తే వాటిపై వంతెనలు వేస్తారు. ఫోన్ చేసి "ఇవాళ వీల్‌హౌస్‌లకు తెరిచారా, ఎంత బరువు దాకా?" అని అడగండి. నిన్నటి సంగతి కాదు, ఇవాళ్టిది.

అప్పర్ రెడ్ లేక్ మీద 2022 నవంబరు చివర్లో ఐస్ పలక ఒడ్డునుంచి విడిపోయి 200 మందికి పైగా చిక్కుకుపోయారు. 2023 డిసెంబరు చివర్లో మళ్లీ అక్కడే వంద మందికి పైగా. ఇక్కడే పుట్టి పెరిగినవాళ్లు కూడా వాళ్లలో ఉన్నారు. సీజన్ మొదట్లో తొందరపడకండి. పెద్ద గాలి ఉన్న రోజు అసలు వెళ్లకండి.

ఐస్ మీద నడిపేటప్పుడు:

- సీటు బెల్టు తీసేయండి, కిటికీలు దించండి. చలిగా ఉంటుంది, ఉండనివ్వండి.
- పిల్లల్ని ట్రైలర్‌లో కూర్చోబెట్టొద్దు. మొదటిసారి దారి చూసేటప్పుడు బండిలో కూడా వద్దు.
- గంటకు పది మైళ్లలోపు. బరువు కదిలితే ఐస్ కింద నీళ్లలో అల లేస్తుంది. వేగంగా పోతే, ముఖ్యంగా ఒడ్డు దగ్గరికి వచ్చేటప్పుడు, ఆ అల ఐస్‌ని పగలగొడుతుంది.
- ముందు బండికి చాలా దూరం ఉంచండి.
- ఆగాక బండ్లను కనీసం యాభై అడుగుల దూరంలో పెట్టండి. ఇంటిని ఆనుకుని పికప్ నిలపడం అందరూ చేసే తప్పు.

సరిచూసుకునే పద్ధతి: బండి పక్కన ఒక బొర్ర పెట్టండి. నీళ్లు పైకి పొంగి ఐస్ మీదికి వస్తుంటే అక్కడ ఐస్ కుంగుతోంది. వెంటనే బండి జరపండి. పొంగకపోయినా రెండు గంటలకొకసారి జరపడం మంచిది.

బండి నీళ్లలో పడితే 48 గంటల్లో షెరీఫ్‌కి చెప్పాలి, 30 రోజుల్లో తీయించాలి. ఖర్చు మీదే. మీ బీమా ఐస్ మీద జరిగినదానికి వర్తిస్తుందో లేదో బయల్దేరే ముందే ఏజెంటుని అడిగి రాతపూర్వకంగా తెప్పించుకోండి.

7. ఇంటిని దించడం

మొదటి ఏడాది నేను చెక్కలు పెట్టకుండా నేరుగా ఐస్ మీద దించాను. రెండు రాత్రులకు ఫ్రేము అతుక్కుపోయింది. పిల్లలు బండిలో చలికి ముడుచుకుని కూర్చుంటే, స్పడ్ బార్‌తో కొట్టుకుంటూ నాలుగు గంటలు పట్టింది విడిపించడానికి. ఆ చెక్కలను కావలసినవాటిలో రాసింది అందుకే.

దించే చోట మంచు గట్టి ఐస్ కనిపించేదాకా పారతో తోసేయండి. ఫ్రేము మూలలు, మధ్య భాగాలు వచ్చేచోట చెక్కలు పరవండి. మోడల్‌ని బట్టి వరుస మారుతుంది, తయారీదారు పుస్తకం చూడండి. చేత్తో తిప్పే వించ్ ఉన్నవాటికి సాధారణంగా ఇలా: బండికి తగిలించి ఉండగానే, ఒకవైపు వించ్‌ని కొద్దిగా బిగించి, ఇంటిని ఎత్తులో నిలిపి ఉంచే పిన్ను మీది బరువు తీయండి. పిన్ను లాగండి. నెమ్మదిగా దించండి. రెండో వైపూ అంతే. ఆ తర్వాత టంగ్ విప్పి ముందు భాగం దించండి.

హెచ్చరిక: వించ్ పిడి ఎప్పుడూ మధ్యలో వదలకండి. వదిలితే అది గిర్రున తిరిగి మణికట్టు విరగ్గొడుతుంది. పిడికి ఎదురుగా మొహం పెట్టకండి.

దించాక అంచుల చుట్టూ మంచు ఎగదోయండి, కింది గాలి ఆగుతుంది. హీటరు గొట్టం, గాలి రంధ్రాలు మాత్రం మూసుకుపోకూడదు. ఇల్లు మట్టంగా కూర్చున్నాకే బొర్రలు పెట్టండి. ముందు పెడితే రంధ్రాలు సరిపోవు.

8. లోపల రాత్రి

పడుకునే ముందు కార్బన్ మోనాక్సైడ్ అలారం బటన్ నొక్కి వినండి. గోడకు బిగించి పొగ బయటికి పోయే హీటరు తప్ప, పొగగొట్టం లేని చిన్న ప్రొపేన్ హీటరు పెట్టుకుని నిద్రపోకండి. జనరేటరు గాలి వాలున, దూరంగా. తలనొప్పి, వాంతి వచ్చినట్టుండడం, తల తిరగడం ఒకేసారి ఇద్దరికి వస్తే కారణాలు వెతకొద్దు, అందరూ బయటికి రండి.

ఇరవై పౌండ్ల సిలిండర్‌లో దాదాపు 4,30,000 బీటీయూల (వేడిని కొలిచే యూనిట్లు) వేడి ఉంటుంది. 20,000 బీటీయూ హీటరు ఆగకుండా మండితే ఇరవై ఒక్క గంటలు వస్తుంది. సున్నాకు కింది చలిలో అది దాదాపు ఆగకుండానే మండుతుంది. అందుకే రెండు సిలిండర్లు.

మన వంట గురించి ఒక మాట. అన్నం ఉడికితే లేచే ఆవిరి కిటికీల మీద, తలుపు అంచున గడ్డకడుతుంది. తెల్లవారి తలుపు తెరుచుకోదు. వండేటప్పుడు పై వెంటు తెరిచి ఫ్యాను వేయండి. పోపు ఘాటుకు పొగ అలారం మోగితే దాన్ని తీసి పక్కన పడేయకండి, తలుపు తెరవండి. వాలై (ఇక్కడి సరస్సుల చేప) పడితే ఫిల్లెట్ తీసి కారం, పసుపు, నిమ్మరసం పట్టించి వేయించండి. ముల్లు తక్కువ, తెల్లటి గట్టి కండ, కొర్రమీను గుర్తొస్తుంది.

చెత్త, మూత్రం, మలం ఏదీ ఐస్ మీద వదలకూడదు. చట్టం ఒప్పుకోదు, అది చాలామంది తాగే నీరు కూడా.

9. ఎత్తి బయల్దేరడం

బయల్దేరడానికి రెండు గంటలు ముందే మొదలుపెట్టండి. చుట్టూ ఎగదోసిన మంచు తీసేయండి, చక్రాల గూళ్లలో ఐస్ కొట్టి రాల్చండి. ముందు భాగం ఎత్తి బండికి తగిలించండి. తర్వాత రెండు వైపులా మార్చి మార్చి కొంచెం కొంచెంగా ఎత్తండి. ఒక మూల కదలకపోతే వించ్‌ని బలవంతంగా తిప్పొద్దు, తాడు తెగుతుంది. ఆ మూలన స్పడ్ బార్‌తో ఐస్ చెక్కండి. మంట పెట్టి కరిగించకండి, టైర్లు, వైర్లు, గ్యాస్ గొట్టం అన్నీ అక్కడే ఉంటాయి.

ఎత్తాక పిన్నులు పెట్టి, వించ్‌ని అరచుట్టు వదలండి. బరువు తాడు మీదనుంచి పిన్ను మీదికి రావాలి. పిన్ను లేకుండా తాడు మీదే రోడ్డెక్కడం నేను చూసిన అతి ప్రమాదకరమైన తప్పు. ఇంకా చూడాల్సినవి: సిలిండర్లు మూశారా, రంధ్రాల మూతలు బిగించారా, రెండు చక్రాలూ తిరుగుతున్నాయా. పది అడుగులు కదిలి, దిగి చూడండి. బ్రేకు గడ్డకట్టిన చక్రం తిరగకుండా జారుతూ వస్తుంది, లోపల కూర్చుంటే తెలియదు.

ఇల్లు తీసేయడానికి చట్టం పెట్టిన గడువు దక్షిణ మిన్నెసోటాలో మార్చి మొదటి సోమవారం, ఉత్తరాన మూడో సోమవారం. దాని కోసం ఎదురుచూడకండి. 2023-24 చలికాలం రాష్ట్ర చరిత్రలోనే అతి వెచ్చనిది, చాలా సరస్సుల మీద గడువుకు ఎంతో ముందే ఐస్ పాడైపోయింది. ఒడ్డు అంచున నీళ్లు కనిపించడం మొదలైందంటే ఆ రోజే లాక్కురండి. ఇంటికి వచ్చాక కింది భాగమంతా నీళ్లతో కడిగి ఉప్పు పోగొట్టండి, కీళ్లకు, బేరింగులకు గ్రీజు పెట్టండి, బ్యాటరీ తీసి గ్యారేజీలో పెట్టండి.